రిపోర్ట్ ఏది? ఒక హవల్దార్ గారి దగ్గర మా ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు నేర్చుకున్న పని: కేస్ స్టడీ

మొదటి ఏడాది మేం చేసిన సన్మానం ఫొటోల్లో చాలా బాగుంటుంది. జూలై 26, కార్గిల్ విజయ దివస్. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా, ఫ్లెక్సీ, మైకు, పదకొండు కుర్చీలు, పదకొండు శాలువాలు. ఊళ్లో ఉన్న మాజీ సైనికులను, చనిపోయిన సైనికుల భార్యలను పిలిచి కూర్చోబెట్టాం. వాన వచ్చేలా ఉంది, త్వరగా ముగించాలని నేను తొందరపడుతున్నాను. ఇంతలో మా కుర్రాడు ఒకడు ఉత్సాహంగా మైకు తీసుకెళ్లి ఒక పెద్దావిడ చేతిలో పెట్టి, "మీ ఆయన గురించి రెండు మాటలు చెప్పండి మామ్మగారూ" అన్నాడు. ఆవిడ జనం వైపు చూసింది. మైకు కుర్చీలో పెట్టింది. శాలువా మడిచి దాని పక్కన పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు క్షమాపణ చెప్పుకోవడానికి ఆవిడ ఇంటికి వెళ్లాను. సన్మానం ఊసే ఎత్తలేదు. మంచినీళ్లు ఇచ్చి, "ఆ మధ్య మా కాగితాలు జిరాక్స్ తీయించి పట్టుకెళ్లిన పిల్లలు మీవాళ్లేనా మాస్టారూ?" అని అడిగింది. మావాళ్లు కారు. రెండేళ్ల కిందట ఎవరో కుర్రాళ్లు వచ్చి, పెన్షన్ కాగితాల్లో పేరు సరిచేయిస్తామని కాపీలు తీసుకెళ్లారట. మళ్లీ రాలేదు. "అవలేదని చెప్పినా బాగుండేది" అంది.

మావాళ్లు కారు అన్నానే గానీ నాకు తలెత్తబుద్ధి కాలేదు. అంతకుముందు ఏడాది ఇదే ఊళ్లో ఇంటింటి సర్వే చేసి, నింపిన ఫారాలు కట్టకట్టి కాలేజీ బీరువాలో పెట్టింది మేమే.

పక్క వాకిట్లో గేదెకు గడ్డి వేస్తున్న ఆయన ఇదంతా విన్నారు. ముందురోజు నాలుగో కుర్చీలో కూర్చున్న మనిషి. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో లైన్‌మన్‌గా పనిచేసి హవల్దార్‌గా రిటైరయ్యారు. "పిల్లల్ని మళ్లీ పంపండి మాస్టారూ. శాలువాలు లేకుండా పంపండి" అన్నారు.

ఈ కేస్ స్టడీ ఆ మాట తర్వాత రెండేళ్లలో జరిగిన దాని గురించి.

మేమెవరం, ఆ ఊరేంటి

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌ని కూడా. ఎన్‌ఎస్‌ఎస్ 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో మొదలైంది. యూనిట్‌కు వంద మంది వాలంటీర్లు, ఒక్కొక్కరికి ఏడాదికి 120 గంటల సేవ, ఒక ఊరిని దత్తత తీసుకుని అక్కడ ఏడు రోజుల క్యాంపు. "నాకోసం కాదు, నీకోసం" అన్నది నినాదం. చాలా యూనిట్లలో ఆ గంటలు మొక్కలు, ర్యాలీలు, ఫొటోల్లోనే గడిచిపోతాయి. మా దగ్గరా అంతే జరిగేది.

మా వైపు ఊళ్లలో మిలిటరీ వాళ్లు కొత్త కాదు. తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికే ఆ ఊరి నుంచి 90 మంది వెళ్లారని, రెండో యుద్ధానికి వెయ్యికి పైగా వెళ్లారని చెప్పుకుంటారు. మేం దత్తత తీసుకున్న ఊరికి అంత పేరు లేదు. అయినా అక్కడ కూడా ప్రతి వీధిలో ఒక "మిలిటరీ తాత" ఉంటాడు. రోజూ అదే సైకిల్ మీద, అదే టైముకి పాలకేంద్రానికి వెళ్తాడు. పిల్లలకు ఆయన పేరు తెలియదు, ఏ యుద్ధంలో ఉన్నాడో అసలే తెలియదు.

అడగకూడని ప్రశ్న

ఎనిమిది మంది విద్యార్థులను హవల్దార్ గారి ఇంటికి తీసుకెళ్లాను. 1999 కార్గిల్ యుద్ధంలో ఆయన ద్రాస్‌లో ఉన్నారని తెలిసి పిల్లలు సంబరంగా వచ్చారు. మొదటి ప్రశ్నే, "సార్, మీరు ఎంతమందిని చంపారు?" ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. "టీ తాగండి బాబూ" అన్నారు. టీ తాగాం, వచ్చేశాం. ఆ రోజు ఇంకేమీ చెప్పలేదు.

తప్పు ఆ కుర్రాడిది కాదు, నాది. పిల్లలకు ముందుగా ఏమీ చెప్పకుండా తీసుకెళ్లాను. సినిమాల్లో చూసిందే అడిగాడు. కార్గిల్ యుద్ధంలో మనవాళ్లు 527 మంది ప్రాణాలు ఇచ్చారు. అక్కడి నుంచి తిరిగొచ్చిన మనిషికి ఆ పేర్లలో కొన్ని ముఖాలతో సహా గుర్తుంటాయి. చావు గురించి ఆయన చెబితే వినాలి, మనం అడగకూడదు. రెండోసారి వెళ్లే ముందు పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒకటే నియమం చెప్పాను. తిండి, నిద్ర, చలి, ఉత్తరాలు, బూట్లు, వీటి గురించి అడగండి. మిగతాది ఆయన ఇష్టం.

బీకాం రెండో ఏడాది అమ్మాయి ఒకతె అడిగింది: "ఇంటి నుంచి ఉత్తరం ఎన్నాళ్లకు వచ్చేది తాతగారూ?"

ఇక ఆయన రెండు గంటలు మాట్లాడారు. ఉత్తరం మీద ఊరి పేరు ఉండదు. కేరాఫ్ 56 ఏపీఓ అని సైనిక పోస్టాఫీసు నంబరు రాయాలి, అంతే. ఆయన ఎక్కడున్నారో వాళ్లమ్మగారికి తెలియదు, ఆ నంబరే కొడుకు ఊరు అనుకునేవారట. చలికి చేతివేళ్లు మొద్దుబారిపోతే బడ్డీ తన చంకలో పెట్టుకుని వేడి ఎక్కించేవాడు. బడ్డీ అంటే సైన్యంలో ప్రతి జవానుకు జతగా ఉండే ఇంకో జవాను. భాష వేరు, రాష్ట్రం వేరు, తిండి వేరు. అయినా ఇతను ఏం తిన్నాడో అతనికి తెలియాలి, అతనికి జ్వరం వస్తే ఇతను చెప్పాలి.

తర్వాత లైన్ గురించి చెప్పారు. షెల్లు పడినప్పుడల్లా ఫోను తీగ తెగేది. ఎక్కడ తెగిందో చీకట్లో తీగను చేత్తో తడుముకుంటూ వెళ్లి పట్టుకోవాలి, కలపాలి. "కలిపితే అయిపోయినట్టు కాదు బాబూ. అక్కడే ఫోను తగిలించి ఇటు ఎక్స్‌ఛేంజికి, అటు పోస్టుకి మాట్లాడాలి. రెండు వైపులా గొంతు వినిపించాకే లైన్ ఓకే అని రిపోర్ట్ ఇవ్వాలి. రిపోర్ట్ ఇవ్వకుండా వెనక్కి వస్తే, తీగ కలిపి కూడా కలపనట్టే."

నాకు వెంటనే ఆ మామ్మగారు అన్న మాట గుర్తొచ్చింది. "అవలేదని చెప్పినా బాగుండేది."

రిజిస్టరులో ఆఖరి గడి

ఆ వారమే కొత్త పద్ధతి మొదలుపెట్టాం. మాజీ సైనికుల ఇల్లు గానీ, సైనికుల భార్యల ఇల్లు గానీ ఒక్కొక్కటి ఇద్దరు విద్యార్థులకు అప్పగించాం. వాళ్లిద్దరూ బడ్డీలు. ఒకరు రాలేకపోతే రెండోవాళ్లు వెళ్లాలి. నేను గీసిన రిజిస్టరులో నాలుగు గడులు ఉన్నాయి: ఎవరి ఇల్లు, ఏం పని, ఎవరు వెళ్లారు, ఏం జరిగింది. హవల్దార్ గారు స్కేలు తెప్పించుకుని ఐదో గడి గీశారు. పైన ఆయనే రాశారు: "ఇంటివాళ్లకు చెప్పారా?"

ఈ మొత్తం ప్రయత్నంలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఆ గడే. అది ఖాళీగా ఉంటే ఆ పనికి ఎన్‌ఎస్‌ఎస్ గంటలు రాయనని పిల్లలకు చెప్పాను. మొదట్లో గొడవ చేశారు. "మేం వెళ్లాం కదా సార్, ఆఫీసులో పని అవకపోతే మా తప్పా?" అన్నారు. పని అవడం మీ చేతిలో లేదు, చెప్పడం మీ చేతిలో ఉంది అన్నాను. ఆదివారం ఉదయం హవల్దార్ గారి వాకిట్లో ఫాలిన్. వరుసగా నిలబడి ఒక్కో జత చెప్పాలి. ఆయన గట్టిగా అరిచే మనిషి కాదు. ఎవరైనా నసిగితే మెల్లగా, "రిపోర్ట్ ఏది?" అనేవారు. నెల తిరిగేసరికి పిల్లలు ఆ మాట ఒకరినొకరు అడుగుతున్నారు.

నవంబర్

పెన్షన్ తీసుకునేవాళ్లు ఏడాదికోసారి బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఎక్కువమంది నవంబర్‌లో ఇస్తారు. సైనిక పెన్షన్లు దాదాపు అన్నీ ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వచ్చాయి. ఒకప్పుడు బ్యాంకుకు వెళ్లి మేనేజర్‌కు కనిపిస్తే సరిపోయేది. ఇప్పుడు పెద్దవాళ్లకు అదొక టెన్షన్. వేలిముద్ర పడదు. నలభై ఏళ్లు మట్టి పిసికిన చేతులు, గీతలు అరిగిపోయి ఉంటాయి.

మేం ముఖం స్కాన్ చేసే పద్ధతి వాడాం. ఫోనులో జీవన్ ప్రమాణ్ యాప్, దానికి తోడు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ ఉండాలి. ముందు ఫోను పట్టుకున్నవాళ్లు తమ ఆధార్‌తో ఆపరేటర్‌గా నమోదు కావాలి, తర్వాత పెన్షనర్ ముఖం. వెలుతురు ముఖం మీద పడాలి, వీపు వెనక నుంచి కాదు. అందుకే పిల్లలు ఇంటి గదుల్లో కాకుండా తూర్పు అరుగు మీద ఉదయం పూట చేశారు. పెన్షన్ ఇచ్చే సంస్థ దగ్గర చాలామంది అలవాటుగా బ్యాంకు పేరు ఎంచుకుంటారు. స్పర్శ్‌లోకి మారినవాళ్లు స్పర్శ్‌నే ఎంచుకోవాలి. ఇది తెలియక ఒక తాతగారిది రెండుసార్లు చేయాల్సి వచ్చింది.

పూర్తవగానే ఫోనుకు ప్రమాణ్ ఐడీతో మెసేజ్ వస్తుంది. అది చూసి మా పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆదివారం ఫాలిన్‌లో అందరూ "అయిపోయింది" అన్నారు. హవల్దార్ గారు అడిగారు: "అవతలివాళ్ల గొంతు వినిపించిందా?"

ఎవరికీ అర్థం కాలేదు. నాకూ వెంటనే తట్టలేదు. ఆ మెసేజ్ వచ్చిందంటే సర్టిఫికెట్ తయారైందని మాత్రమే. పెన్షన్ ఇచ్చేవాళ్లు దాన్ని ఒప్పుకున్నారా లేదా అన్నది వేరే. ఒక్కొక్కరిదీ మళ్లీ స్టేటస్ చూశాం. ఒకటి తిరస్కరించారు. పేర్లు కలవలేదు. ఆ ఇల్లు మామ్మగారిదే.

ఒకే మనిషి, రెండు పేర్లు

ఆవిడకు పుట్టింటివాళ్లు పెట్టిన పేరు ఒకటి, అత్తవారింట్లో పిలిచిన పేరు ఇంకొకటి. పెళ్లయ్యాక భర్త యూనిట్‌లో చెప్పిన పేరు రికార్డులో ఎక్కింది. దాన్నే మిలిటరీ వాళ్లు పార్ట్ టూ ఆర్డర్ అంటారు. పెళ్లి, పిల్లలు, నామినీ, అన్నీ అందులోనే నమోదవుతాయి. ఆధార్ తీసినప్పుడు ఊళ్లో అందరూ పిలిచే పేరు చెప్పింది. కాగితాలు చేత్తో రాసిన రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. కంప్యూటర్ రెండింటినీ పక్కపక్కన పెట్టేసరికి ఒకే మనిషి ఇద్దరయ్యారు. తెలుగు ఊళ్లలో ఇది ఒక్కరి సమస్య కాదు. మా పదకొండు ఇళ్లలోనే మూడింట్లో ఏదో ఒక తేడా కనిపించింది. ఇంటిపేరు ముందా వెనకా అన్నదో, పుట్టిన తేదీయో.

ఉత్తరాల గురించి అడిగిన అమ్మాయికే ఆ ఇల్లు అప్పగించి ఉన్నాం. ఆవిడ భర్త ఈఎంఈలో, అంటే సైన్యం వాహనాలు, యంత్రాలు బాగుచేసే విభాగంలో, మెకానిక్. ఈఎంఈ రికార్డ్స్ ఆఫీసు సికింద్రాబాద్‌లో ఉంది. సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్. ఎవరి కాగితం ఎక్కడికి వెళ్లాలో తెలియక చాలా కుటుంబాలు బ్యాంకు చుట్టూ తిరుగుతుంటాయి. బ్యాంకు ఏమీ చేయలేదు. డిశ్చార్జ్ బుక్కు, రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్, ఆధార్, పెన్షన్ ఆర్డర్ కాపీ, వీటితో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలి. వాళ్లు కవరింగ్ లెటర్‌తో రికార్డ్స్‌కు పంపిస్తారు.

ఆ అమ్మాయి, ఆమె బడ్డీ కలిసి మామ్మగారిని బస్సులో తీసుకెళ్లారు. అఫిడవిట్ మొదటిసారి తప్పు పడింది, రెండోసారి వెళ్లారు. తర్వాత నెలల తరబడి ఏ కబురూ లేదు. రిజిస్టరులో ఆ వారాలన్నీ నేను దాచుకున్నాను. "జవాబు రాలేదు. చెప్పాం." "జవాబు రాలేదు. చెప్పాం. ఉలవచారు పెట్టారు." "ఇంకో కాగితం అడిగారు. చెప్పాం." ఒక ఆదివారం ఆ అమ్మాయికి పరీక్షలు. బడ్డీకి జ్వరం. అయినా సాయంత్రం బస్సు దిగి మామ్మగారి ఇంటికి వెళ్లి, "ఈ వారం కూడా ఏమీ లేదు మామ్మగారూ" అని చెప్పి, అదే బస్సు వెనక్కి వస్తుంటే ఎక్కి వెళ్లిపోయిందట. ఈ సంగతి నాకు మామ్మగారు చెప్పారు, ఆ అమ్మాయి చెప్పలేదు.

చివరికి పేరు సరిపోయింది, సర్టిఫికెట్ ఒప్పుకున్నారు. ఆ రోజు ఆవిడ తనంతట తానే ట్రంకుపెట్టె తెరిచి భర్త ఫొటో చూపించింది. యూనిఫాంలో, లారీ బానెట్ మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. మేం మైకు పెట్టి అడిగిన రెండు మాటలు ఆ అమ్మాయికి మంచం మీద కూర్చుని ఒక మధ్యాహ్నమంతా చెప్పింది. ఏం చెప్పిందని నేను అడగలేదు.

ఏం మారింది, ఏం సరిదిద్దుకున్నాం

ఈ కేసు గురించి చెప్పినప్పుడల్లా తోటి అధ్యాపకులు అడిగేది ఒకటే: మీవాళ్లలో ఎంతమంది ఆర్మీలో చేరారు? దాన్ని కొలతగా నేను ఒప్పుకోను. చేరాలనుకునే కుర్రాళ్లు ఉన్నారు. హవల్దార్ గారు వాళ్లను తెల్లవారుజామున హైస్కూలు గ్రౌండులో 1,600 మీటర్లు పరిగెత్తించారు. అగ్నిపథ్ గురించి దాచకుండా చెప్పారు. 2022 నుంచి వచ్చిన ఈ పద్ధతిలో సర్వీసు నాలుగేళ్లు, ఆ తర్వాత ఉంచుకునేది 25 శాతం వరకే, మిగతావాళ్లు ఇంటికి రావాలి, అప్పుడేం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి అన్నారు. ఒకడు అన్నీ గట్టెక్కి మెడికల్‌లో చెవి పరీక్ష దగ్గర ఆగిపోయాడు. మూడు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. నాలుగో రోజు హవల్దార్ గారే వెళ్లి, "నీకు అప్పగించిన ఇంటి తాతగారికి రిపోర్ట్ ఏది?" అని అడిగారు. ఇప్పుడు ఆ ఊళ్లో స్పర్శ్ అంటే ఆ కుర్రాడే. పక్క ఊళ్ల నుంచి కూడా కాగితాల సంచీతో వస్తారు. వాళ్లలో ఒకాయన ఏడేళ్లు సైన్యంలో చేసి, ఇంటి పరిస్థితులవల్ల మధ్యలో వచ్చేసినందుకు పెన్షన్ రాదు. పెన్షన్ లేని, 65 దాటిన, హవల్దార్ స్థాయి వరకు ఉన్నవాళ్లకు కేంద్రీయ సైనిక్ బోర్డు పెన్యూరీ గ్రాంట్ (పేదరికంలో ఉన్నవాళ్లకు ఆర్థిక సాయం) ఇస్తుందని ఆయనకు చెప్పి, దరఖాస్తు పెట్టించింది ఆ కుర్రాడే.

ఒక విషయంలో మేం ఆలస్యంగా మేల్కొన్నాం. మొదటి నెలలో పిల్లలు ఆధార్ కార్డులు, పెన్షన్ ఆర్డర్లు ఫోనుల్లో ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయం చేయాలనే పెట్టారు. కానీ పెద్దవాళ్ల ఖాతాలను దోచుకునేవాళ్లు సరిగ్గా ఇలాంటి వివరాల కోసమే చూస్తుంటారు. అన్నీ డిలీట్ చేయించాను. అప్పటి నుంచి కాగితం ఇల్లు దాటదు, కాపీ కావాలంటే ఇంటివాళ్ల చేతికే ఇస్తాం. ఓటీపీ పెన్షనరే చూసి పెన్షనరే కొట్టాలి. ఎంత టైము పట్టినా సరే. ఆపరేటర్‌గా నా ఫోను, నా ఆధార్ మాత్రమే వాడతాం. ఈ పని మొదలుపెట్టాలనుకునే ప్రోగ్రాం ఆఫీసర్లు ఎవరైనా ఉంటే ముందు ఈ నియమాలు పెట్టుకోండి, ఇళ్లకు తర్వాత వెళ్లండి.

డిసెంబర్ 7

సాయుధ దళాల పతాక దినం 1949 నుంచి జరుగుతోంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండా ఇచ్చి, సైనిక కుటుంబాల సంక్షేమానికి విరాళం తీసుకుంటారు. రెండో ఏడాది మేం షామియానా వేయలేదు. పిల్లలు ఊరంతా తిరిగారు, ప్రతి రూపాయికీ రసీదు రాశారు, డబ్బు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కట్టి, ఆ రసీదు కాపీ పంచాయతీ గోడకు అంటించారు. ఊరికి రిపోర్ట్ అన్నమాట.

ఆ తిరగడంలోనే చెరువుగట్టు వీధిలో ఎనభై దాటిన ఒక తాతగారు పిల్లల్ని ఆపారు. వాళ్ల నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లి తిరిగి రాలేదు. అప్పటికి తాతగారు చంటిపిల్లాడు. మెడల్ ఉండేదట, ఏదో కరువులో అమ్ముకున్నారు. మిగిలింది వాళ్లమ్మకు వచ్చిన ఒక కాగితం, అందులో ఇంగ్లిష్‌లో తండ్రి పేరు. "మా నాన్న పేరు ఎక్కడైనా రాసి ఉంటుందా అమ్మా?" అని అడిగారు.

1917లో ఏర్పడిన కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయినవాళ్ల వివరాలను ఎవరైనా వెతుక్కునేలా ఆన్‌లైన్‌లో ఉంచింది. అప్పటి బర్మా, ఇప్పటి మయన్మార్‌లో తౌక్యాన్ దగ్గరున్న రంగూన్ స్మారకం మీద, సమాధి ఎక్కడో తెలియని దాదాపు 27,000 మంది పేర్లు ఉన్నాయి. అందులో మన సైన్యంవాళ్లు చాలామంది. కొన్ని పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. కొన్నింటికి ఏమీ ఉండదు. ఆనాటి గుమస్తాలు తెలుగు పేర్లను చెవికి వినపడినట్టు ఇంగ్లిష్‌లో రాసుకున్నారు. ఇంటిపేరు ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. మా పిల్లలు ఒకే పేరును పధ్నాలుగు రకాలుగా రాసి వెతికారు. పోలికకు దగ్గరగా రెండు దొరికాయి. ఒకదాంట్లో ఊరు లేదు. ఇంకోదాంట్లో తండ్రి పేరు కలవడం లేదు. ఈయనే అని చెప్పడానికి సర్వీస్ నంబరు కావాలి, తాతగారి దగ్గరున్న కాగితంలో ఆ అంచు చెదలు తినేసింది.

ఆ ఇంటికి జతగా వెళ్తున్నది మొదటి ఏడాది కుర్రాళ్లు ఇద్దరు. మామ్మగారి చేతిలో మైకు పెట్టిన కుర్రాడు ఇప్పుడు ఫైనలియర్, వాళ్లకు పని నేర్పుతున్నాడు. పోయిన వారం రిజిస్టరులో ఆ ఇంటి వరుస ఇలా ఉంది: "తాతగారి నాన్నగారి పేరు ఇంకా దొరకలేదు. ఇంటివాళ్లకు చెప్పాం. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లాలి."